ఆల్మా అరగదీసిన తుపాకీ

మా ఇంటి వెనక షెడ్డులో ఎప్పుడూ తుపాకీ నూనె వాసన, పొయ్యిలో కాలే పైన్ కట్టెల వాసన కలిసి ఉండేవి. వంట అయ్యాక అల్లిక పట్టుకుని అక్కడికే వెళ్లి కూర్చునేదాన్ని. నా భర్త ఎల్డన్ పాత రివాల్వర్లు కొని అమ్మేవాడు. మొంటానాలో చలికాలం ఒక పట్టాన పోదు. పశువులకు మేత వేశాక మగవాళ్లకు చేతినిండా పని ఉండదు. కొందరు తాగుతారు, కొందరు పెళ్లాలను తంతారు. ఎల్డన్ తుపాకులు తుడుచుకునేవాడు. నా మొదటి పెళ్లితో పోల్చుకుంటే అదే స్వర్గం.

అతని దగ్గర కూర్చుని కూర్చుని నాకూ ఆ విద్య కొంత అబ్బింది. రివాల్వర్ కార్ఖానా నుంచి ఎలా బయటికొచ్చిందో అలాగే ఉండాలి. మరకలున్నా సరే, రంగు వెలిసినా సరే. ఎవడైనా మోజుపడి నికెల్ పూత వేయించాడా, సగం ధర పోయినట్టే. మెరవాలని సానపట్టించాడా, గొట్టం మీద అక్షరాలు అరిగిపోతాయి, ధర ఇంకా పోయింది. గొట్టం కోసి పొట్టి చేస్తే ఇక దాన్ని విడిభాగాల కింద అమ్ముకోవడమే.

ఎల్డన్ స్నేహితుడు బర్ల్ ఆ మాటే తనదైన పద్ధతిలో చెప్పేవాడు. అతనూ తుపాకుల వ్యాపారే. నోటికి తాళం లేదు. "పాత తుపాకీ, పెళ్లికూతురు ఒకటే మార్నా! ఎవడి చెయ్యీ పడకూడదు" అన్నాడోసారి.

"నాకిది రెండో పెళ్లి. అయితే నన్ను విడిభాగాల కింద అమ్ముకోవాలన్నమాట" అన్నాను. ఎల్డన్ పడీపడీ నవ్వాడు. అతను అలా నవ్వడం నాకు గుర్తున్నంతవరకు అదే ఆఖరు.

మేముండే ఇల్లు మా అమ్మమ్మ ఆల్మాది. ఆమె పోయాక నాకు వచ్చింది. ఆ శరదృతువులో వంటింటి వెనక సామాన్ల గది ఖాళీ చేస్తుంటే, అటక మీద మూత బిగించిన పంది కొవ్వు డబ్బా ఒకటి దొరికింది. ఎత్తితే బరువుగా ఉంది. లోపల కొవ్వు పసుపుపచ్చగా గడ్డకట్టి, చేదు కంపు కొడుతోంది. గరిటె దించితే టంగుమని ఇనుము తగిలింది.

ఎల్డన్ దాన్ని వేడినీళ్లలో ముంచి, గుడ్డతో తుడిచి, దీపం కింద పెట్టాడు. కొవ్వులో ఉండటం వల్ల తుప్పు అన్నది లేదు. పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్, తూటాకోసారి సుత్తి లాగితేనే పేలే రకం. కానీ దాని అవతారం చూడాలి. గొట్టం వేలెడు మాత్రం మిగిల్చి రంపంతో కోసేశారు. పిడికి చెక్కలు లేవు, ఉత్త ఇనుప చట్రం. బొటనవేలితో వెనక్కి లాగే సుత్తి ముక్కు, అంటే తూటాను కొట్టే మొన, ఆకురాయితో మొదలంటా అరగదీసి ఉంది. సుత్తిని నిలబెట్టే లోపలి గాట్లు కూడా గీకేశారు. లాగితే నిలవదు. వేలాడుతుంది.

"ఎవరో పగబట్టి చేశారు దీన్ని" అన్నాడు ఎల్డన్. తర్వాత చట్రం మీది నంబరు రెండుసార్లు చదివాడు. "గుర్రపు దళానికి ఇచ్చినది మార్నా. చెయ్యి పడకుండా ఉంటే ఇంకో ఇల్లు కొనుక్కునేవాళ్లం. ఏ వెధవ చేశాడో గానీ..."

"మా అమ్మమ్మే అయ్యుంటుంది. ఆ అటక మీదికి ఇంకెవరూ ఎక్కరు."

"అయితే మీ అమ్మమ్మకు బుద్ధి లేదు."

దాన్ని బాగుచేస్తానన్నాడు. ఆ కాలపుదే పొడుగు గొట్టం బర్ల్ దగ్గర ఉంది. సుత్తి ఎక్కడో సంపాదిస్తాడట. పాత వాల్‌నట్ చెక్కలు తన దగ్గరే ఉన్నాయి. అన్నిటి మీదా చట్రం నంబరే చెక్కుతాడట.

"కొనేవాడికి చెబుతావుగా, భాగాలు మార్చానని?"

"అడిగితే చెబుతా" అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు.

పొడుగు గొట్టం బిగించిన రోజు సాయంత్రం, ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. తుపాకీ షెడ్డులో, తాళం వేసిన బీరువాలో ఉంది. వంటింట్లో ఎక్కడో 'టిక్' మని చిన్న చప్పుడైంది. పొయ్యి ఇనుము చల్లారుతోందేమో అనుకున్నాను. ఎల్డన్ చెంచా ఆగింది.

"విన్నావా?"

"పొయ్యి" అన్నాను.

"పొయ్యి కాదు" అన్నాడు. ఏదో తీపి వస్తువు నోట్లో పెట్టుకున్నట్టు చప్పరిస్తూ అన్నాడు ఆ మాట.

ఆ రకం రివాల్వర్ సుత్తిని వెనక్కి లాగితే నాలుగు టిక్కులు వినిపిస్తాయి. నాలుగోది పడితే ఇక పేలడమే తరువాయి. పిడికి చెక్కలు బిగించాక మా వంటింట్లో రెండు టిక్కులు వినిపించడం మొదలైంది. ఎప్పుడూ భోజనాల వేళే. ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీ వైపు నుంచే. అమ్మమ్మ బతికున్నంతకాలం ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. దాని మీద ఉతికిన బట్టలు పెట్టేది, నాకూ అదే అలవాటైంది.

ఎల్డన్ ఆ బట్టలు తీసి కింద పెట్టి, అందులో కూర్చోవడం మొదలుపెట్టాడు.

రక్తపోటు మనిషి. డాక్టరు చెప్పినప్పటి నుంచి ఉప్పు ముట్టేవాడు కాదు. ఇప్పుడు చెయ్యి చాపి, "ఉప్పు" అనేవాడు. అంతే. ఇంకో మాట లేదు. నేను అందిస్తే తెల్లగా కనిపించేదాకా చల్లుకునేవాడు. ఒకరోజు తుపాకీ తెచ్చి కంచం పక్కన పెట్టుకున్నాడు.

"రొట్టె తినే చోట అదెందుకు ఎల్డన్? తీసెయ్" అన్నాను.

అతను గోడ వైపు చూస్తూ అన్నాడు. "నెల్స్‌ని పిలువు. కూడు చల్లారిపోతోంది."

మాకు పిల్లలు లేరు. నెల్స్ అనే పేరు గలవాడు మా చుట్టుపక్కల ఎవడూ లేడు.

"ఎవరు నెల్స్?"

ఎల్డన్ నా వైపు తిరిగాడు. నిద్రలోంచి లేచినవాడిలా మొహం పెట్టి, "ఏ నెల్స్? ఏమంటున్నావు నువ్వు?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి వేసుకుని ఊళ్లోకి వెళ్లాను. మా అమ్మమ్మకు అక్క ఒకామె ఉంది, థియా అని. తొంభై దాటింది. వృద్ధుల ఇంట్లో ఉంటుంది. కళ్లు కనిపించకపోయినా చేతిలో అల్లిక సూదులు ఆగవు.

"థియా అమ్మమ్మా, నెల్స్ ఎవరు?"

సూదులు ఆగాయి.

"ఎవరు చెప్పారే నీకా పేరు?"

ఎల్డన్ అన్నాడన్నాను. తుపాకీ సంగతి చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ పండు ముసలిదానికి అంత బలం ఉందనుకోలేదు.

"నెల్స్ నీ మేనమామ. మీ అమ్మ అప్పుడు ఉయ్యాల్లో ఉంది. మీ తాత హాల్వర్ భోజనానికి కూర్చుంటే తుపాకీ కంచం పక్కన ఉండాల్సిందే. ఉప్పు అడిగేవాడు. అందివ్వడం కాస్త ఆలస్యమైతే సుత్తి లాగేవాడు. అందులో తూటా ఉందో లేదో ఎవరికీ తెలియదు. వాడికది ఆట. నా చెల్లెలి మొహంలో రంగు పోవడం చూడాలి, అదీ వాడి కూర."

"నెల్స్?"

"ఒకనాడు తూటా ఉంది. ఏడేళ్లవాడు. ఉప్పు గిన్నె వాడి చేతిలో ఉంది. తుడుస్తుంటే పేలిందన్నాడు హాల్వర్. ఊరంతా తలూపింది. పాస్టరు కూడా తలూపాడు."

కిటికీ బయట మబ్బు పట్టింది. గాలి వాసన మారింది, మంచు వచ్చే ముందు వచ్చే ఇనప వాసన.

"తర్వాతి చలికాలం పెద్ద మంచు తుపాను. ఇంటి నుంచి కొట్టం దాకా తాడు కట్టుకునేవాళ్లం అప్పుడు, దారి తప్పకుండా. హాల్వర్ ఆ తాడు పట్టుకుని పశువుల దగ్గరికి వెళ్లాడు. మంచు కరిగాక దొరికాడు. ఇంటివైపు కొస ఆల్మా చేతిలో ఉంది. నేను అడగలేదు. ఇన్నేళ్లూ అడగలేదు. నువ్వూ అడగకు."

"మరి వాడు చచ్చాక తుపాకీ ఎందుకు పాడుచేసింది?"

"నేనూ అదే అడిగా. చచ్చినవాడికి భయపడతావేంటే పిచ్చిదానా అన్నా. 'నిన్న భోజనాలప్పుడు చప్పుడైంది అక్కా, నాలుగూ వినిపించాయి' అంది. రోజంతా బల్ల దగ్గర కూర్చుని ఆకురాయితో రాకింది. వేళ్లు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఆపలేదు. పిడి చెక్కలు పొయ్యిలో పడేసింది. ఆ తర్వాత మళ్లీ వినలేదంది." థియా అమ్మమ్మ నా చెయ్యి వదల్లేదు. "సుత్తి పెట్టాడా నీ మొగుడు?"

"ఇంకా లేదు."

"అయితే పరిగెత్తు."

దారిలోనే మంచు మొదలైంది. నేను ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం సాయంత్రంలా ఉంది. కంచె స్తంభాలు కనిపించడం మానేశాయి. కరెంటు పోయింది. ఎల్డన్ ఇంటి వసారా నుంచి షెడ్డుకు నీలం నైలాన్ తాడు కట్టి ఉంచాడు. మేమూ తుపానొస్తే అలాగే చేస్తాం. ఆ తాడు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను.

అతను దీపం కింద వంగి ఉన్నాడు. సుత్తి బిగించేశాడు.

"చూడు" అన్నాడు. "ఎవడి చెయ్యీ పడనట్టు లేదూ?"

నిజంగానే అలాగే ఉంది. పొడుగ్గా, నల్లగా, కొత్తగా పుట్టినట్టుంది. దాన్ని చూస్తే ఎవరూ ఏమీ చెయ్యలేదనిపిస్తుంది. మా అమ్మమ్మ వేళ్ల నెత్తురు, ఆ రోజంతా చేసిన పని, ఏదీ జరగనట్టే.

"ఎల్డన్, అదంతా తీసెయ్. నీకు దణ్ణం పెడతాను. థియా అమ్మమ్మ చెప్పింది..."

"ముసలిదానికి మతి చలించింది."

"దానివల్ల ఒక పిల్లవాడు చచ్చిపోయాడు!"

"అందుకే దానికి ధర" అన్నాడు. ఆ మాట ఎల్డన్ అన్నాడో ఇంకెవరన్నారో ఈనాటికీ నాకు తెలియదు. ఎల్డనే అని ఉంటే ఇంకా కష్టంగా ఉంటుంది.

ఇద్దరం ఇంట్లోకి వచ్చాం. వంటింట్లో కిరోసిన్ దీపం వెలిగించాను. కిటికీ అద్దం మీద మంచు పిడికిళ్లతో కొడుతోంది. బంగాళాదుంపల చారు వడ్డించాను. అతను ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. తుపాకీ కంచం పక్కన. నేను ఎదురుగా.

"ఉప్పు."

అందించాను. కొంచెం ఒలికింది. అతను ఒలికిన ఉప్పు వైపు చూశాడు... చాలాసేపు చూశాడు.

తుపాకీ ఎత్తాడు.

టిక్...

"ఎల్డన్."

టిక్...

"ఎల్డన్, నేను. మార్నాని."

టిక్...

అతను నవ్వాడు. ఎల్డన్‌కు ఎడమ పక్క పన్ను లేదు, ఎప్పుడూ మూతి మూసుకుని నవ్వేవాడు. ఇప్పుడు నోరంతా తెరిచాడు. "భయపడుతున్నావా ఆల్మా?"

టిక్.

ట్రిగ్గర్ లాగాడు.

ఖాళీ చప్పుడు. నా కింద కుర్చీ తడిసింది. అతను తుపాకీని చెవి దగ్గర పెట్టుకుని, పాడైన బొమ్మను పిల్లాడు ఊపినట్టు ఊపి చూశాడు.

"తూటాలు షెడ్డులో ఉన్నాయి" అన్నాడు. కోటు తొడుక్కోలేదు. టోపీ పెట్టుకోలేదు. తుపాకీ పట్టుకుని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

తలుపు దగ్గరికి పరిగెత్తాను. తెల్లగా తప్ప ఏమీ లేదు. వసారా స్తంభానికి కట్టిన నీలం తాడు మాత్రం మంచులోకి వెళ్లి మాయమవుతోంది. దాని మీద అతని బరువు తెలుస్తోంది. కదులుతోంది... ఆగుతోంది... కదులుతోంది.

ముడి మీద చెయ్యి వేశాను.

థియా అమ్మమ్మ అడగొద్దంది. నేను చెబుతాను. చెయ్యి వేశాను, విప్పలేదు. లాడాలు కొట్టేవాడి కొడుకు ఎల్డన్, నా మొదటి మొగుడు విరిచిన చెయ్యికి కట్టు కట్టించిన ఎల్డన్, ఆ తాడు అవతల ఎక్కడో ఉన్నాడనుకున్నాను. చెయ్యి తీసేశాను. దీపం తెచ్చి కిటికీలో పెట్టాను, దారి తెలుస్తుందని. తలుపు గడియ కూడా వెయ్యలేదు. పొయ్యి ఎగదోసే ఇనప కడ్డీ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తాడు మళ్లీ కదిలింది. తిరిగి వస్తున్నాడు.

అప్పుడు నా వెనక, చీకటి వంటింట్లో, చప్పుడు మొదలైంది.

గర్ర్... గర్ర్... గర్ర్...

ఇనుము మీద ఆకురాయి. తొందర లేదు. అలసట లేదు. పంది కొవ్వు కంపు గుప్పుమంది. నేను తిరిగి చూడలేదు. చూడలేకపోయాను. బల్ల దగ్గర ఎవరో కూర్చున్న బరువుకు కుర్చీ కిర్రుమంది. గర్ర్... గర్ర్...

చప్పుడు ఆగింది.

తాడు కదలడం కూడా ఆగింది.

పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. వసారా చివర నుంచి ఆ తాడు పట్టుకుని షెడ్డు దాకా వెళ్లి వచ్చాను. ముడులు రెండు వైపులా గట్టిగా ఉన్నాయి. షెడ్డులో తూటాల పెట్టె తెరిచి ఉంది. దారిలో ఎవరూ లేరు.

తెల్లారి మంచు తోసే బండితో పాటు షెరీఫ్ దగ్గర పనిచేసే లైల్ వచ్చాడు. ఎల్డన్ వసారాకు పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద ఉన్నాడు. మొహం ఇంటి వైపు లేదు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. లోపల కూర్చోబెట్టి, కాఫీ చేతిలో పెట్టి, తలుపు మూసేశారు. ఎల్డన్ దగ్గర దొరికిన తుపాకీని లైల్ తర్వాత తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఊరంతా తలూపింది. తుపానులో దారి తప్పాడు, పాపం. కొందరు ఆడవాళ్లు మాత్రం నా చేతుల వైపు చూశారు. ఆల్మా మనవరాలు కదా.

సమాధి దగ్గర బర్ల్ టోపీ చేతిలో పట్టుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ముక్కు తుడుచుకుని, నా చెవి దగ్గర నెమ్మదిగా అన్నాడు. "సమయం కాదనుకో మార్నా... ఆ గుర్రపు దళం తుపాకీ. పని పూర్తయిందన్నాడు. నీకు ఆసరా అవుతుంది. కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. పైగా, ఇప్పుడు దానికో కథ కూడా ఉందాయె."

"రేపు రా" అన్నాను.

వచ్చాడు. అప్పటికి నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని పని ముగించాను. గొట్టం కోయడానికి రాత్రంతా పట్టింది. సుత్తి మొన, లోపలి గాట్లు, చట్రం మీది నంబరు, అన్నీ. నా వేళ్లకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. బర్ల్ బల్ల మీది ఇనప ముక్కను చూసి, శవాన్ని చూసినప్పటికంటే ఎక్కువ అదిరిపోయాడు.

"ఏం చేశావే తల్లీ! ఇక దీన్ని ఎవడూ ముట్టుకోడు."

"ముట్టుకోకూడదనే" అన్నాను.

భర్త పోయిన దుఃఖంలో నాకు మతి చలించిందని ఊళ్లో చెప్పాడు. అదీ నాకు మంచిదే అయింది. ఇంటికి ఎవరూ రావడం లేదు.

మంచు కరిగాక లైల్ ఒక్కడే వచ్చాడు. యూనిఫాం లేదు. వసారా మెట్ల మీద కూర్చుని బూట్ల మట్టి గీకుతూ, చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. మంచి కుర్రాడు. అబద్ధం చెప్పడం చేతకాదు.

"మార్నా గారూ, ఆ రోజు మీకు చెప్పనిదొకటుంది. నిద్ర పట్టడం లేదు నాకు."

"చెప్పు."

"ఎల్డన్ గారి ఎడం చేతిలో తాడుంది. మీ నీలం తాడు కాదు. అది పైన అలాగే కట్టి ఉంది. ఇది జనపనారది, పాతది, మా తాతల కాలం నాటిది. పిడికిట్లో గడ్డకట్టుకుపోయింది. దారి దొరికిందనుకుని పట్టుకున్నట్టున్నాడు."

"రెండో కొస ఎక్కడుంది?"

అతను పొలం వైపు చెయ్యి చూపించాడు. అటు ఏమీ లేదు. పాత కొట్టం ఉండేదట, నేను పుట్టకముందే కూలిపోయింది.

"అటు వెళ్లింది. ఇంకా మంచు లేస్తోంది, పది గజాలు దాటి కనిపించలేదు. నేల మీద పడి లేదండీ. బిగించి కట్టినట్టు గాల్లోనే ఉంది. దేనికి తగులుకుందో చూద్దామని పట్టుకుని ఒకసారి లాగాను."

లైల్ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అవతల నుంచి లాగారు. నెమ్మదిగా, రెండుసార్లు. రమ్మన్నట్టు. నేను కత్తి తీసి కోసేశాను. కొస మంచులోకి పాక్కుంటూ పోయింది."

"ఎవరో పెద్దవాళ్లు లాగి ఉంటారు..." అన్నాను.

లైల్ తల అడ్డంగా ఊపాడు. లేచి నిలబడి, అరచెయ్యి చాపి, తన నడుము కంటే కాస్త కిందుగా గాలిలో ఆపి చూపించాడు.

"ఇదిగో... ఇంత ఎత్తు నుంచి."